పిండి డబ్బాలోని నవల

1986 సెప్టెంబరు ఒకటవ తేదీన, ఫిన్లండ్ దేశపు కైనూ ప్రాంతంలోని మన పురపాలక గ్రంథాలయంలో సహాయ గ్రంథపాలకురాలిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి హెల్కా మోయిలానెన్ గారు, సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభవేళ వారిని మనసారా ప్రశంసించడం మన ధర్మం. ఎదురుగా నిలబడి మెచ్చుకోవడం మనలో ఎవరికీ చేతకాదు కనుక, ఆ పని కాగితం మీద కానివ్వడమే క్షేమమని సహోద్యోగులు తీర్మానించారు.

చేరిన కొన్నాళ్ళకే సంచార గ్రంథాలయ బస్సు వారి చేతికి వచ్చింది. డ్రైవరు ఎస్కో గారి పక్కన కూర్చుని, అడవుల నడుమ మట్టిదారుల వెంట, ఎండాకాలం దోమలనూ చలికాలం చీకటినీ లెక్కచేయక పల్లెపల్లెకూ పుస్తకాలు చేరవేశారు. ఇంట్లో మనిషి పోయినవారికి పరామర్శ మాటలకు బదులు ఒక లావుపాటి నవల చేతిలో పెట్టి పంపడం వారి పద్ధతి. అది చదివి తిరిగిచ్చేసరికి వాళ్ళు కాస్త తేరుకునేవారు.

1997లో వారి తొలి నవల 'దారులు తెగే రోజులు' హెల్సింకీలో అచ్చయింది. వసంతంలో మంచు కరిగి, మట్టిరోడ్లు బురదై, ఇళ్ళు ఒకదానికొకటి అందకుండా పోయే రోజుల కథ అది. రాజధాని పత్రికలు మంచిమాటే రాశాయి. కానీ హెల్కా గారు ఎవరి గురించి రాశారో ఆ జనం మాత్రం నోరు విప్పలేదు. బస్సులో పెట్టిన ఆ నవల ప్రతి, అట్టైనా నలగకుండా అలాగే ఉండిపోయింది. హౌకివారా పల్లెవాళ్ళయితే ఆ నవల ఉన్న అర వైపు చూడకుండా, పక్కనున్న తేనెటీగల పెంపకం పుస్తకాన్ని మార్చిమార్చి తీసుకెళ్ళారు.

ఆ మౌనం వారిని లోలోపల తినేసింది. రెండో నవల సగంలో ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పుస్తకాన్ని బస్సులోంచి తీసేయాలన్నది మన నియమం. ఈ ఒక్కదాన్ని ఉండనివ్వమని పైఅధికారి చెప్పినా వినక, హెల్కా గారు తన నవలను స్వహస్తాలతో తొలగించారు. ఇక రాయనని ఆ సాయంత్రమే ఎస్కో గారితో అన్నారు.

మరుసటి వారం హౌకివారాలో బస్సు ఆగింది. ఆ ఊరి పెద్దావిడ ఐలి తోల్వానెన్ గారు ఎక్కి, అర ముందు నిలబడిపోయారు.

"ఇక్కడ నీ పుస్తకం ఉండాలి. ఏదీ?"

"తీసేశానండీ. ఎవరూ చదవట్లేదుగా."

"చదవకపోవడమేంటి? ఊరంతా చదివింది. పట్నం వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చాను. ఇంటింటికీ తిరిగి తిరిగి దాని అట్ట కూడా ఊడిపోయింది. నువ్వు కాఫీకి వచ్చినప్పుడల్లా పిండి డబ్బాలో దాచలేక చచ్చేదాన్ని."

"ఎందుకు దాచడం?"

"నీ కంటపడితే బాగుందని నీ మొహమ్మీదే చెప్పాలి కదా. అది మనవల్ల అయ్యే పనా?"

"బాగాలేదనుకున్నాను, ఐలి గారూ."

"బాగాలేకపోతే ఏ గొడవా లేదు. మొదటి వారమే చెప్పేసేవాళ్ళం. సర్లే, కథలో ఆ ముసలాయన్ని చివర్లో ఎందుకు చంపావు? రెండిళ్ళవాళ్ళకి నీమీద ఇంకా కోపం పోలేదు. రెండోది ఎప్పుడు రాస్తావు?"

తర్వాతి ఊరు వచ్చేదాకా హెల్కా గారు కిటికీ వైపే తిరిగి కూర్చున్నారని, తాను రోడ్డు మీంచి చూపు తిప్పలేదని ఎస్కో గారు నేటికీ చెబుతారు. నియమాన్ని పక్కనపెట్టి పుస్తకాన్ని మళ్ళీ అరలో ఉంచారు. రెండో నవల పూర్తయి, బహుమతి కూడా గెలుచుకుంది. రచయితకు విజయమంటే ఏమిటని ఆ బహుమతి సభలో ఒక విలేకరి అడిగితే, "ఒక పిండి డబ్బా" అన్నారట. అతనికి అర్థం కాలేదు. వారూ వివరించలేదు.

గత మంగళవారం వారి ఆఖరి ప్రయాణం. ఇప్పుడు తొంభై దాటిన ఐలి గారు కర్ర ఊతంతో బస్సెక్కి, 'దారులు తెగే రోజులు' అరలోంచి తీసి, అందరూ చూస్తుండగా హెల్కా గారి ముందు పెట్టారు. ఆ బస్సులోంచి దాన్ని బాహాటంగా అరువు అడిగిన మొదటి పాఠకురాలు ఆవిడే.

"నాకియ్యి. మళ్ళీ చదవాలి." నేల చూపులు చూస్తూ, "ఫర్వాలేదు, ఈ పుస్తకం" అన్నారు.

మన ప్రాంతంలో ఆ మాటకు మించిన సన్మానం లేదు. ఈ వ్యాసం దానికి సాటిరాదని తెలిసే రాస్తున్నాం.

శ్రీమతి హెల్కా మోయిలానెన్ గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, మూడో నవల తీరిగ్గా పూర్తి చేయాలని కోరుకుంటున్నాం. ఐలి గారు గడువులోగా ఆ పుస్తకం తిరిగి ఇవ్వకూడదని, దాన్ని అడిగే మిషతో హెల్కా గారు ఏళ్ళ తరబడి ఆ ఇంటికి కాఫీకి వెళ్తుండాలని, వెళ్ళినప్పుడు ఆ పుస్తకం బల్ల మీదే కనబడాలని మా అందరి ఆకాంక్ష.