మిలిటరీ లారీ బ్యాటరీ పేలిన సంగతి

నన్ను అందరూ ఫ్యూజు అంటారు. వయసు నలభై ఆరు. పని ఆటో ఎలక్ట్రీషియన్. బస్టాండు వెనక సందులో టైర్ల కొట్టుకూ తుక్కు కొట్టుకూ మధ్య ఉన్న రేకుల షెడ్డు నాది. చదువు తొమ్మిది పాసు, పది ఫెయిలు. పదో తరగతి పరీక్ష రోజున హాలు ఫ్యూజు పీకింది నేనే. పరీక్ష వాయిదా పడింది. వాయిదా వేశాక కూడా తప్పాను. పేరు మాత్రం నిలిచింది. "అవసరమైనదే చెప్పు" అని ఎస్సై గారు అంటున్నారు. ఇది అవసరమే సార్. నేను సరదాకి చేసేదేమిటో, సరదాకి కాకుండా చేసిందేమిటో మీకు తేడా తెలియాలి.

నిన్న గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు కంకర క్రషర్ యార్డులో సూపర్‌వైజరు ముఖం మీద యాసిడ్ పడింది. రెండు కళ్లూ పోయాయని ఆసుపత్రిలో తేల్చారు. ఆ కేసులో మా బావను, అంటే మా అక్క భర్తను, లాకప్‌లో పెట్టారు. ఆయన ఆ యార్డులో లారీ డ్రైవరు. బావ డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చి సూపర్‌వైజరు ముఖం మీద పోస్తుంటే చూశానని యార్డు వెల్డరు చెప్పాడు. బావ కూడా "అవును, నేనే చేశాను" అన్నాడట. బావ చేయలేదు. ఆ మాట చెప్పడానికే ఎవరూ పిలవకుండా ఈ ఉదయం ఏడున్నరకు స్టేషనుకు వచ్చాను.

లారీ సంగతి ముందు చెప్పాలి. అది మిలిటరీ వాళ్లు వాడి వాడి వేలంలో అమ్మేసిన లారీ. దానికి రెండు బ్యాటరీలుంటాయి. ఒక్కొక్కటి పన్నెండు వోల్టులు. రెండింటినీ వరసగా కలిపితే ఇరవై నాలుగు. క్యాబిన్ వెనక, కుడిపక్క ఇనపపెట్టెలో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. ఆ యార్డులో వైరింగు పనంతా నాదే.

మూడు నెలల క్రితం పాతసామాన్ల కొట్టులో నాకొక హారన్ దొరికింది. చంటిపిల్ల గుక్కపెట్టి ఏడ్చినట్టు మోగుతుంది. దాన్ని లారీ కింద బిగించి, రివర్సు గేరు వేస్తే మోగేలా తీగలు కలిపాను. బావకు కూడా ముందు చెప్పలేదు. మర్నాడు బావ లారీని వెనక్కి తీస్తుంటే సూపర్‌వైజరు చక్రం దగ్గర నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. ఏడుపు విన్నాడు. "ఆపండ్రా, కింద పిల్ల ఉంది" అని తెల్లచొక్కాతోనే లారీ కిందికి దూరాడు. బయటికొచ్చేసరికి గ్రీజులో ముంచి తీసినట్టున్నాడు. యార్డు యార్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి కూలీలు ఆయన్ని చాటుగా ఆయమ్మ అంటున్నారు.

పిల్ల ఉందనుకుని లారీ కిందికి దూరిన మనిషి ఆయన. ఆ మాట కూడా రాయండి.

ఆ సాయంత్రం సూపర్‌వైజరు బావ చెంప పగలగొట్టి, హారన్ ఎవరు పెట్టారని అడిగాడు. బావ నా పేరు చెప్పలేదు. ఇంటికొచ్చి, "ఒరేయ్ బామ్మర్దీ, ఈసారి నవ్వించేటప్పుడు దెబ్బలు కూడా నువ్వే తినేలా చూసుకోరా" అన్నాడు. అక్క నన్ను గరిటె పుచ్చుకుని తరిమింది. హారన్ మోగకుండా స్విచ్చి పీకాను. ఏడుపు పుట్టించే దాని మిషను మాత్రం లారీలోనే వదిలేశాను. తప్పు అక్కడ జరిగింది.

ఆ హారన్ పన్నెండు వోల్టులది. లారీ ఇరవై నాలుగు. మధ్యలో వోల్టులు తగ్గించే పెట్టె ఒకటి పెట్టాలి. నేను పెట్టలేదు. బద్ధకం. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని మీద నుంచే తీగ లాగాను. స్విచ్చి పీకినా మిషను ఆ ఒక్క బ్యాటరీనే రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంది. ఒక కాడికి కట్టిన రెండెడ్లలో ఒకదాని మేత రోజూ లాగేసినట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జింగు రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. మొత్తం సరిపోయిందా లేదా అనేదే దాని లెక్క. దాంతో ఒకటి ఆకలితో చస్తుంటే రెండోది అజీర్ణంతో చస్తుంది. అజీర్ణం చేసిన బ్యాటరీ ఎసరులా మరుగుతుంది, గ్యాసు వదులుతుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇదంతా ఇరవై ఏళ్లుగా నాకు తెలుసు. నా షెడ్డులో అలాంటి పని పనివాడెవడైనా చేస్తే మెడ పట్టి గెంటేవాణ్ని.

నిన్న తొమ్మిదీ ఇరవైకి బావ ఫోను చేశాడు.

"లారీ చచ్చిందిరా. ఉన్నట్టుండి. తాళం తిప్పితే టక్కంటోంది, అంతే."

"నిన్న ఎలా ఉంది?"

"నిన్న పెళ్లికొడుకులా ఉంది. ఇది నీ పనేనా?"

"కాదు బావా, ఒట్టు."

"నీ ఒట్లు చూసే నాకు జుట్టు నెరిసింది. తొందరగా రా. సూపర్‌వైజరు ఊగిపోతున్నాడు."

అప్పటికి అది నా పని కాదనే నా నమ్మకం.

తొమ్మిదీ యాభై అయిదుకు చేరాను. లారీ సరిగ్గా లోడు తూచే కాటా మీద ఆగిపోయి ఉంది. వెనక పదకొండు లారీలు. తూకం ఆగింది, క్రషర్ ఆగింది. సీటు కింద మెయిన్ స్విచ్చి చూశాను, బాగుంది. తీగలు బిగించే బ్యాటరీ మొలలు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. ఎర్త్ తీగ లాగి చూశాను, గట్టిగా ఉంది. ఫ్యాన్ బెల్టు వదులేమోనని నా సంచిలోంచి కొత్త బెల్టు తీసి మడ్‌గార్డు మీద పెట్టాను. పాతది బాగానే ఉంది. కొత్తది అక్కడే ఉండిపోయింది. లోడరు బండి బ్యాటరీ నుంచి తీగలు కలిపి పదీ పన్నెండుకు ఇంజను లేపాను. లేచింది. ఆపితే మళ్లీ లేవదని తెలుసు. అందుకే నడవనిచ్చి, బ్యాటరీ పెట్టె మూత తెరిచి వోల్టుల మీటరు తీశాను.

సూపర్‌వైజరు అప్పుడే వచ్చాడు. ముందు చేతి గడియారం విప్పాడు. జేబులో వేసుకున్నాడు. జేబు గుండీ పెట్టుకున్నాడు. తరువాత మడ్‌గార్డు మీది బెల్టు తీసుకున్నాడు.

మొదటి మూడు దెబ్బలు బావ వీపు మీద పడ్డాయి. ఆ బెల్టుకు లోపలివైపు పళ్లుంటాయి. చొక్కా చిరిగింది. బావ క్యాబిన్ తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే ఉద్యోగం పోతుంది.

"నేను ఆయమ్మనారా?" అన్నాడు సూపర్‌వైజరు. "ఏడిపించు. ఇప్పుడు ఏడిపించు, వింటాను."

నేను మీటరు పెట్టాను. రెండింటికీ కలిపి ఇరవై ఏడు పాయింటు ఎనిమిది. బాగుంది.

నాలుగో దెబ్బకు బావ చెవి చీలింది.

"నా కాటా మీదే ఆపుతావా? కావాలనే ఆపావు. చెప్పు, కావాలనే ఆపావు."

"లేదు సార్. నాకు తెలీదు సార్."

అయిదు, ఆరు. ఒక్కో బ్యాటరీ విడిగా చూశాను. మొదటిది పదకొండు పాయింటు రెండు.

ఏడు. బావ మోకాళ్ల మీద కూలాడు. సూపర్‌వైజరు బూటుతో డొక్కలో తన్నాడు.

రెండోది పదహారు పాయింటు ఆరు.

ఆ అంకె చూడగానే నాకు సంగతంతా తెలిసిపోయింది. హారన్ తీగ ఎదురుగానే ఉంది, ఎర్రది, నా చేతి ముడి. ఎనిమిది. నేను నోరు తెరవలేదు. తొమ్మిది. తెరవలేదు. భయం. ఆ రెండు దెబ్బలూ నా లెక్కలో వెయ్యండి.

తొమ్మిది తరువాత అన్నాను. "సార్, ఆ హారన్ పెట్టింది నేను. బ్యాటరీని చంపింది కూడా నేనే. ఆయన్ని వదలండి. కొడితే నన్ను కొట్టండి."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "నువ్వు నోరు తెరిస్తే అబద్ధమే కదరా. బావను కాపాడుకోడానికి కొత్త కథా?" అని మెడ మీద ఒక్కటి వేశాడు. ఆ గుర్తు ఇదిగో.

నమ్మలేదు. పాతికేళ్లుగా ఊరంతటికీ అబద్ధాలు చెప్పి నవ్వించాను. నిజం చెప్పిన రోజున నమ్మడానికి ఎవరూ మిగల్లేదు.

తరువాత ఆయన బావ జుట్టు పట్టుకుని లేపి, ముఖాన్ని బ్యాటరీ పెట్టెలోకి నొక్కాడు. "చూడరా, ఉడుకుతోంది చూడు. ప్రాణమున్న బ్యాటరీని చచ్చిందంటావా?" బావ గడ్డం బ్యాటరీ మొలకు తగిలింది. చెవి నుంచి నెత్తురు చుక్క మూత మీద పడి నురగ కట్టింది. గుడగుడమని మరుగుతోంది ఆ బ్యాటరీ. గ్యాసు వాసన నాకు గొంతులోకి వచ్చింది.

బావను రెండు చేతులతో వెనక్కి లాగాను. "బావా, డ్రమ్ము దగ్గరికెళ్లి డబ్బా నిండా నీళ్లు తీసుకురా. పరిగెత్తు" అన్నాను. ఎందుకని అడగలేదు. కుంటుకుంటూ పరిగెత్తాడు.

"ముఖం కడుక్కుంటాడా, కొత్త అల్లుడు?" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ యార్డులో ఒక అలవాటుంది. బ్యాటరీ బతికుందో లేదో చూడాలంటే ఎవరూ మీటరు పెట్టరు. స్పానరు రెండు మొలలకూ తగిలించి గీస్తారు. రవ్వ పెద్దదొస్తే బతికున్నట్టు. మొద్దు అలవాటు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. అందరికంటే పెద్ద రవ్వ తీస్తానని సూపర్‌వైజరుకు గొప్ప.

నేను అన్నాను. "నా మాట నమ్మరు, నా మీటరూ నమ్మరు. మీరే గీసి చూడండి సార్. మీ చెయ్యి చెప్పాక ఇంక మాట లేదు."

నవ్వుతూ అన్నాను. ఎప్పుడూ నవ్వినట్టే.

ఆయన చెయ్యి చాపాడు. పంతొమ్మిది నంబరు స్పానరు ఇచ్చాను. బావ ఎక్కడున్నాడో తిరిగి చూశాను. డ్రమ్ము దగ్గర డబ్బా ముంచుతున్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన పెట్టె మీదికి వంగాడు.

శబ్దం రాయి పేల్చినట్టు వచ్చింది. బ్యాటరీ మూత నాలుగు ముక్కలైంది. ఒక ముక్క ఆయన దవడలోంచి లోపలికి దిగి నిలబడింది. యాసిడ్ అంతా ముఖం మీదే పడింది. వెనక్కి పడి, రెండు చేతులతో కళ్లు రుద్దుకున్నాడు. రుద్దకూడదు. చర్మం వేళ్లకు అంటుకుని వచ్చింది. అరుపు గురించి నన్ను అడగొద్దు.

బావ అప్పటికే డబ్బాతో వస్తున్నాడు. వెల్డరు చూసింది అదే. డబ్బాలో ఉన్నది నీళ్లు. తనను కొట్టినవాడి ఛాతీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముఖం మీద నీళ్లు పోశాడు. నేను నిలబడే ఉన్నాను. "చూస్తావేంట్రా, కనురెప్పలు తెరిచి పట్టుకో" అని అరిచాడు. పట్టుకున్నాను. నా కుడిచేతి వేళ్లు అప్పుడు కాలాయి. మూడు డబ్బాలు పోశాడు. రెండోసారీ మూడోసారీ తనే పరిగెత్తి తెచ్చాడు.

మూడో డబ్బా అయ్యాక నా వైపు చూశాడు. నీళ్లకు తనను ఎందుకు పంపానో అప్పుడే ఆయనకు అర్థమైందనుకుంటాను. పోలీసులు రాగానే "నేనే" అన్నాడు.

రాత్రి అక్క నా షెడ్డుకు వచ్చింది. "మీ బావకి బ్యాటరీ అంటే టార్చిలైటులో వేసుకునేదే తెలుసు. ఎవరు చేశారో నాకు తెలీదనుకోకు" అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఇంతవరకూ చెప్పాక ఎస్సై గారు ఇదంతా రాస్తున్న రైటరు గారిని ఆపమని, నన్ను ఒక ప్రశ్న అడిగారు. దాన్ని కూడా రాయమని నేనే కోరాను. "పేలకముందే డబ్బా అతని చేతిలో ఉందని వెల్డరు అంటున్నాడు. నీళ్లు తెమ్మని నువ్వు చెప్పింది పేలకముందా, పేలాకా?"

లాకప్ గది ఇక్కడికి నాలుగు అడుగులు. బావ విన్నాడు. "పేలాకే సార్" అన్నాడు ఊచల్లోంచి. "వాడికి ముందూ వెనకా గుర్తుండదు."

ఎస్సై గారు మంచి మనిషి. "బ్యాటరీలో పోయడానికి తెమ్మన్నావేమో, ఆలోచించుకో" అని కూడా అన్నారు. అది మంచి అబద్ధం సార్. నాకే తట్టాల్సింది. కానీ బ్యాటరీలో డ్రమ్ము నీళ్లు పోయరు. దానికి వేరే నీళ్లుంటాయి. ఆ సీసా నా సంచిలోనే ఉంది, సీలు తీయలేదు. సంచి మీ దగ్గరే ఉంది, చూసుకోండి.

"రేయ్, నోరు ముయ్యి" అన్నాడు బావ.

ముందే సార్. పేలకముందే నీళ్లు తెమ్మన్నాను. పేలుతుందని తెలుసు. యాసిడ్ పడుతుందని తెలుసు. పడితే నీళ్లు కావాలని తెలుసు. బావను దూరంగా పంపి, అప్పుడు స్పానరు ఇచ్చాను. మా బావ చేసిందల్లా నీళ్లు పోయడమే.

పైన ఉన్నదంతా రైటరు గారు చదివి వినిపించారు, విన్నాను. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. నవ్వు కోసం ఒక్క మాట కూడా కలపలేదు. నాకు సంతకం వచ్చు, కుడిచేతి వేళ్లు కాలినందువల్ల పెట్టలేకపోతున్నాను.

శుక్రవారం, ఉదయం తొమ్మిదీ పది.

ఎడమచేతి బొటనవేలి ముద్ర.