కురహాషి విసనకర్ర

ఆపకమ్మా చినాత్సు, విసనకర్ర టకటకలాడించుకో, నాకేం ఇబ్బంది లేదు. ఆ చప్పుడు వింటే కురహాషి అన్న గుర్తొస్తాడు, అంతే. నువ్వు పుట్టకముందే పోయాడులే. మా గురువుగారింట్లో నాకంటే ముందు చేరిన శిష్యుడు, ఒకే గదిలో పక్కపక్కన పడుకునేవాళ్ళం. గో ఆటకి నల్లరాళ్ళో తెల్లరాళ్ళో పట్టుకుని బల్ల ముందు కూర్చుంటే చాలు, విసనకర్ర విప్పడం, మూయడం, మళ్ళీ విప్పడం. గురువుగారేమో ‘వంటింట్లో ఎవరో ముల్లంగి తరుగుతున్నార్రోయ్’ అని ఎగతాళి చేసేవారు. కానీ మంచి ఎత్తు కంటబడిందా, చప్పుడు ఆగిపోయేది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఎత్తు నీదేగా, ఆలోచించుకో, తొందరేం లేదు.

వృత్తి ఆటగాళ్ళని ఎంచే పోటీలో ఒక ఏడు ఆఖరి ఆట మా ఇద్దరికీ పడింది. గెలిచినవాడే వృత్తి ఆటగాడు. అన్నకి వయసు దాటిపోతోంది, ఓడితే మూటాముల్లె సర్దుకోవడమే. నా సంగతీ అంతంతే. ముందురోజు స్నానాల గదిలో ఆయన వీపు రుద్దుతూ నేనే వాగాను, ‘ఈసారి పోతే మా నాన్న బొగ్గుగనిలో దింపేస్తాడన్నా’ అని. ‘నోర్మూసుకుని రుద్దరా’ అన్నాడు. ఏమనుకున్నాడో మనసులో, ఎవడికి తెలుసు?

ఇక ఆట. పైమూలన నా నల్లరాళ్ళ గుంపంతటి ప్రాణం ఒక్క ఖాళీ మీద ఉంది. అక్కడ ఆయన తెల్లరాయి పడితే నా పని సరి. నా ఎత్తు వేసేశాకగానీ నాకది కనబడలేదు. తలెత్తితే నా మొహంలో తెలిసిపోతుందని బల్ల మీదే చూపు పెట్టుకు కూర్చున్నా. అప్పుడాగిందమ్మా విసనకర్ర. తర్వాత ఆయన, ఆటలో పట్టుకుని రాళ్ళ గిన్నె మూతలో వేసుకున్న నా రాళ్ళలోంచి రెండు తీసి, ఓటమి ఒప్పుకునేవాళ్ళు పెట్టినట్టే బల్ల మీద పెట్టి ‘ఓడిపోయాను’ అని తలవంచాడు. ఆట మళ్ళీ మొదట్నుంచీ పేర్చుకుని తప్పొప్పులు చెప్పుకుంటాం కదా, అన్నీ చెప్పాడు. ఆ మూలకి మాత్రం చెయ్యి పోలేదు. నేనూ అడగలేదు, ఏం చెప్తాడోనని భయం.

నాకు బిరుదొచ్చిన ఏడు ఒదావారా ఊళ్ళో అన్నవాళ్ళ టోఫు కొట్టుకి వెళ్ళాను. ‘రారా తమ్ముడూ, వేడివేడిగా ఉంది తిను’ అన్నాడు. ఆ మూల సంగతి కదిపాను. ‘ఆ ఆటా? గుర్తులేదురా’ అన్నాడు. గుర్తులేదట. మనవాళ్ళల్లో పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోయేవాళ్ళుంటారు గానీ ఆడిన ఆట మర్చిపోయేవాడుంటాడా? ఆ మాటన్నవాడే, అంతకుముందు వారం పేపర్లో పడ్డ నా ఆటని సోయా గింజలతో బల్ల మీద మొదట్నుంచీ చివరిదాకా పేర్చి చూపించాడు. అదొక్కటే మర్చిపోయాడట.

అలిసిపోయి వదిలేశాడా, జాలిపడ్డాడా, నిజంగానే చూళ్ళేదా? జాలే అయితే, మరి ఈ యాభై ఏళ్ళూ నేను బతికిన బతుకు ఎవరిది చెప్పు. అప్పట్నుంచీ గెలిచినప్పుడల్లా ముందు ఎదుటివాడి మొహం చూస్తాను. నిన్నగాక మొన్న నీమీద గెలిచినప్పుడు నీ మొహమూ చూశాను, ఏమీ అనుకోకు. కొంచెం టీ పొయ్యి, చల్లారిపోయింది. ఏంటమ్మా, విసనకర్ర ఆపేశావ్? ఆ కిందమూలేనా చూస్తున్నది? నన్ను ఓడించే ఎత్తు కనబడితే పెట్టు, నాకేం కాదు. చినాత్సు. ఆ రాళ్ళ గిన్నె మూత మీంచి చెయ్యి తియ్యి.