మాడిన మొగ్గలు

తెల్లారి బాగా ఎండెక్కాక, చనిపోయిన తమ్ముడు రెమీకి షాబ్లీ ఊరి కొండవాలు మీదున్న ద్రాక్షతోటకి అన్సెల్మ్ వచ్చేసరికి, మరదలు గిస్లెన్ సాళ్ళ మధ్య బుట్ట బోర్లించుకుని కూర్చుని ఉంది.

“పంపు ఎవరాపారమ్మా?”

“కాఫీ తాగారా బావగారూ?”

“కాఫీ సంగతి తర్వాత! ఇదిగో, ఈ మొగ్గ చూడు. ముట్టుకుంటే రాలిపోతోంది. తోట తోటంతా ఇంతే.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి, ఊఁ! మంచు రాత్రి నీళ్ళు చిమ్మడం మొదలెడితే మధ్యలో ఆపకూడదని ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మొగ్గ మీద నీళ్ళు పడి గడ్డకడుతున్నంతసేపే దానికి రక్ష. ఎండకి ఆ గడ్డ దానంతటది కరిగేదాకా పంపు తిరగాల్సిందే. ముందే ఆపావో, ఆ గడ్డే మొగ్గని చంపేస్తుంది.”

“తెలుసు.”

“తెలుసుగా! మరి డీజిల్ అయిపోయిందా?”

“సగం ఉంది.”

“పైపు పగిలిందా?”

“లేదు.”

“అయితే కునుకు పట్టి ఉంటుంది. పాపం, ఒక్కదానివీ ఎంతకని... నాకో కేక వేస్తే రానూ?”

“నిద్రపోలేదు.”

“పోయావనే చెబుదాం. ఎవరడిగినా అదే మాట. సరేనా? ఎదురు వాలు గుస్తావ్, నడుం వంగిపోయిన ముసలాడు, వాడు కూడా రాత్రంతా సాళ్ళకి దివిటీల సెగ పెట్టి తోట కాపాడుకున్నాడు. నీ ఒక్క తోటే మాడిందంటే నోళ్ళు ఊరుకుంటాయా?”

“మీ ఇష్టం.”

“నా ఇష్టమా! ఈ ఏడు పంట పోతే ఈ తోట మన చేతిలో మిగలదే తల్లీ! ప్రతి మొక్కా రెమీ చేత్తో నాటిందే. తవ్వుతుంటే రాయైపోయిన ఆల్చిప్ప దొరికితే చాలు, జేబులో వేసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చేవాడు. ‘అన్నయ్యా, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది, మన వైన్‌లో ఆ రుచే’ అని...”

“మీరు నవ్వేవారు.”

“నవ్వేవాణ్ణి. ఏం చెయ్యను, వెధవని. ఇదిగో, ఈ గ్లాసు పట్టుకో. మీ నేలమాళిగలోంచే తెచ్చా. వాడి చివరి పంట వైన్.”

“పొద్దున్నేనా?”

“తాగమన్నానా, రుచి చూడమన్నా! తీపి అన్నమాటే లేదు చూడు. పచ్చి ఆపిల్ కొరికినట్టు పళ్ళు జివ్వుమంటాయి, ఆ వెనకే తడి రాయి నాకినట్టు. చెక్క పీపాలో ఊరితే పట్టే వాసన దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు కదా. నాకైతే మొదటి గుక్కకే కళ్ళు... సర్లే. ఎలా ఉంది?”

“నీళ్ళలా ఉంది.”

“నీళ్ళా! రెమీ వైనా?”

“రొట్టె అంతే, చీజూ అంతే. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజునుంచీ ఇంతే. ఆ రోజు మీరంతా ఏడుస్తున్నారు. నేను రొట్టె కోసి వడ్డిస్తున్నా.”

“ఏడుపు కొందరికి ఆలస్యంగా వస్తుందమ్మా.”

“అందరూ అదే అన్నారు. అందుకే...”

“అందుకే?”

“ఇవాళ అప్పుడే పొద్దు పొడిచింది. మంచుగడ్డల్లో మొగ్గలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. ఆయన ప్రాణమంతా వీటిలోనే ఉండేది కదా అనుకున్నా. ఇవి పోతేనన్నా ఏడుపొస్తుందేమోనని పంపు నేనే ఆపేశా బావగారూ. రాలేదు.”