కేశవ పేరుతో పోయే మెయిల్

కంప్యూటర్లో పంపినా అని చూపిస్తాదే గానీ, అంతా పోయుండదు. మెయిల్ పోతాది, చీర ఫొటో పోదు. ఎవురికి చెప్పుకోవాల నేను? నువ్వు రాసిన ప్రోగ్రామే కదా, పోయేటోనివి నాకు ఒక్క ముక్కన్నా చెప్పి పోవద్దా?

అట్ల చూడొద్దు. దండేసిన పటంలో నుంచి నువ్వట్ల నవ్వుతాంటే నాకింకా మండుకొస్తాది.

మన మగ్గం చీరలమ్మే సైటులో, చీర ఎంచుకున్నోళ్లకు దాని ఫొటో తనంతట తానే మెయిల్లో పోవాల. ఉత్త మెయిలే వస్తాంటే, ఇందులో ఏమీ లేదే అని మీ నాయనకు ఫోన్ల మీద ఫోన్లు. ఆయన సైటు మూసేయమనె. నేనొప్పుకోలా. మూస్తే నువ్వు చేసినదేం మిగుల్తాది?

కర్నూల్లో నీతో చదివిన గోపీకి ఫోన్ చేస్తి. "హేమావతి వదినా, సర్వర్‌లో తప్పులు రాసిపెట్టే ఫైలొకటుంటాది, అది చూడు" అనె.

చూస్తే వరసగా ఒకటే మాట, ఫైలు దొరకలేదని. సర్వర్ వాళ్లు మిషన్ మార్చినారంట, మన ఫొటోలుండే ఫోల్డర్ దారి మారిపాయ. నీ ప్రోగ్రామేమో పాత దారిలోనే పోయి వెతుకుతాండాది. దొరక్కపోతే ఆగాల కదా? ఆగదు. ఉత్త మెయిల్ పంపేసి, పంపినా అంటాది.

కొత్త దారి రాసి, నాకే ఒకటి పంపుకుంటి. వచ్చె. పంపినోళ్ల పేరు, కేశవ.

తెరిస్తే నీలం చీర. అంచు పట్టుకున్న నీ బొటనేలు. గోరు కింద అద్దకం రంగు. ఎన్నిసార్లు చూసుంటానో ఆ ఫొటో, ఆ వేలు ఎప్పుడూ కనపళ్లేదు.

పేరు మార్చేయమన్నాడు గోపీ, ఒక్క లైనేనంట. మారుస్తాలే అన్నా. మార్చలా.

ఇప్పుడు జవాబులు వస్తాండాయి, నీకే. కడప నుంచి సుందరలక్ష్మి అని ఒకామె, "కేశవ గారూ, శానా దినాలకు మీ చీరలు చూసినా, బాగుండారా?" అని రాసె.

ఆయన లేడని రాద్దామనే కూర్చున్నా. రాయలేకపోతి. బాగుండానమ్మా అని రాసి, కింద నీ పేరే పెట్టినా. ఇంట్లో ఎవురికీ చెప్పలా.

నిన్న మళ్లా రాసె. ఒకసారి మాట్లాడాలంట, ఎప్పుడు ఫోన్ చేయమంటారని. మగ్గం మీదుండా, తీరిక లేదని రాసినా.

మళ్లా అడుగుతాది. అడగనీలే.