నవమి విల్లుకు ఎంత బిగువు

“అవ్వా, విల్లుకు ఆ వంపు ముందే గీసుకుంటారా? మా అబ్బ ఎట్ల చేసేటోడు?”

గీసుకుంటారంట. ఏందమ్మే ఇది, పొద్దున్నుంచి ఆ ఫోన్లో నువ్వు గీసిన విల్లు బొమ్మ చూపిచ్చి నా పానం తీస్తాండావు. ఇటు తిప్పు. అదో, పై సగం, కింది సగం అచ్చు గుద్దినట్టు ఒకటే మాదిరి. ఇట్లాంటి కట్టె యాడ దొరుకుతాది నీకు? కట్టెకు మొదలుంటాది, కొసుంటాది, నడుమ ముడి ఉంటాది. నీ బొమ్మలో ముడి యాడుండాది? మీ కాలేజీ సార్లు ఎవరూ చెప్పలేదా? సరే, రికార్డు అవుతాందా అది? అవనీలే, నాకేం భయం.

మీ అబ్బ, అదే నా మొగుడు, గీత గీసింది నేను చూళ్లేదు. ఆత్మకూరు అడవి దిక్కు నుంచి ఒక చెంచాయన ఏటా ఒక కట్టె తెచ్చిచ్చేటోడు. బండి నొగలకేసే జాతి, వంగుతాది గాని విరగదు. దాని పేరు... నోట్లోనే ఉండాది, రాదు. పోనీ. దాన్ని నీడన ఆరబెట్టి, బాడిశతో పైపైన చెక్కి, బెరడు దిక్కు బయటికి పెట్టుకునేటోడు. ఆ దిక్కు ఉలి తాకనిచ్చేటోడు కాదు. గీకేదంతా లోపలి దిక్కే. మల్ల పిడి కాడ గుంజకు కట్టేసి, రెండు కొసలకు తాడు కట్టి, “లాగు మే” అనేటోడు. ఎవర్ని? నన్నే. ఇంగెవరుండారు ఇంట్లో. మీ నాయన అప్పుడు ఉయ్యాల్లో ఉండాడు. కాదు కాదు, మీ పెద్దత్త ఉయ్యాల్లో, మీ నాయన ఇంగా పుట్టలేదు.

నేను లాగితే, ఆయన అంత దూరంలో గొంతుక్కూచోని ఒక కన్ను మూసుకోని చూసేటోడు. “ఇంగ రెండు వేళ్లంత లాగు. ఆగు. వదులు.” యా సగం వంగకుండా బిర్రుగా ఉంటే దాన్ని గాజు పెంకుతో రోంత గీకేది, మల్ల లాగమనేది. దినమంతా ఇదే పని. పొయ్యి మీద సంగటి మాడిపోతాండాదయ్యా అన్నా ఇనేటోడు కాదు. వంపు అట్ల వస్తాది పాపా, నా రెక్కలు పీకి వస్తాది. ఊర్లో మాత్రం విల్లు చేసేది మీ అబ్బ బ్రహ్మయ్యే అనేటోళ్లు. లాగిన దాన్ని అడిగినోడు లేడు. ఇప్పుడు తల్చుకున్నా యాష్టకొస్తాది నాకు.

ఆ విల్లు ఎందుకంటావా. మా ఊర్లో శ్రీరామనవమి పొద్దున, కల్యాణానికి ముందర, ఓబుళప్పోళ్ల ఇంటి పెద్దమనిషి కొత్త విల్లుకు నారి ఎక్కిచ్చి దేవుని ముందర పెట్టల్ల. ఊరంతా చూస్సాండగా. వాళ్ల తాత కాన్నుంచి వాళ్లదే ఆ మర్యాద. ఓబుళప్ప వాళ్లమ్మది మా పుట్టింటి పక్కూరు, ఆ లెక్కన ఆయప్ప నాకు అన్న వరస. నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు, మా అమ్మ కోసం ఏడుస్తాంటే, వాళ్ల బండ్లో కూచోబెట్టుకోని పోయి చూపిచ్చుకోనొచ్చిన మనిషి. మీ అబ్బకు తీరికుంటే కదా.

ఆయప్ప ఒక యేడు బండి మీద నుంచి పడినాడు. కుడి భుజం పైకి లేసేది కాదు. అన్నం కూడా ఎడం చేత్తోనే తినేటోడు, పాపం. అయినా నవమికి నేనే ఎక్కిస్తానంటాడు. తమ్ముని కొడుకులు ఇద్దరుండారు, ఈయన చేతకాక నిలబడితే ఆ మర్యాద మేము లాక్కుందామని కాసుకోనుండారు. ఆ దినం ఆయన చెయ్యి జారితే, ఇంగ ఊర్లో తలెత్తుకోని తిరగలేడు. అది అందురికీ తెల్సు.

మీ అబ్బకు తెల్దా? తెల్సు. ఆ యేడు కట్టె లాగితే నా భుజాలే గుంజుకుపోయినాయి. “ఇది ఓబుళన్న చేత కాదయ్యా, రోంత మెత్తగా చెయ్యి” అన్న్యా. “దేవుని విల్లు మే ఇది, ఓబుళప్పది కాదు. కట్టెలో ఎంత బిగువుంటే అంత ఉండల్ల” అన్న్యాడు. రెండు దినాలు చెప్పినా. గోడకు చెప్పినట్టే. మొండోడు, నాయనా, అట్లాంటి మొండోన్ని నేను యాడా చూళ్లేదు.

నాకు కడుపు మండింది. మధ్యాన్నం ఆయన అరుగు మీద గుర్రు పెడతాంటే, ఆ గాజు పెంకు తీసుకోని కింది సగం గీకినా. ఎక్కువ కాదు, కొబ్బరి కోరినట్టు రోంత. సాయంత్రం లాగమన్న్యాడు. లాగినా. కింది సగం ఎక్కువ వంగింది. తల గోక్కున్న్యాడు, పై సగం గీకి సరిజేసినాడు. తెల్లారి మధ్యాన్నం నేను పై సగం గీకినా. ఆయన లేసి కింది సగం సరిజేసినాడు. ఇట్ల నాలుగు దినాలు. వంపు మాత్రం చెడిపోలేదు చూడు, ఎందుకంటే నేను చెడగొట్టిందంతా ఆయనే సరిజేస్సాండె. బిగువు మాత్రం తగ్గుతా వచ్చింది.

నవమి దినం ఓబుళన్న ముందుకొచ్చినాడు. కింది కొస కాలికి ఆనిచ్చి, ఎడం చేత్తో పిడి పట్టి, పైకొస మీదికి ఒళ్లంతా వంచినాడు. నారి పోయి కొసకు తగులుకునింది. ఆయప్ప కండ్లలో నీళ్లు. తమ్ముని కొడుకులు వెనక్కి జరిగినారు. మీ అబ్బ నా పక్క చూడకుండా, “ఈ యేడు కట్టె మెత్తన” అన్న్యాడు. అంతే.

తెల్సో తెల్దో నాకు అర్థం కాలేదు. ఎంట్రుకంత తేడా కనిపెట్టేటోనికి నా గీకుడు కనపడదా? ఆయన గీకితే పిడి కాన్నుంచి కొసదాకా ఒకటే పొడుగు చార. నాది పిల్లి రక్కినట్టుంటాది. అడగనూ లేను, అడక్కుండా ఉండనూ లేను. యేడాదంతా అదే యాష్ట.

మరుసటి యేడు మల్ల కట్టె గుంజకు కట్టినాడు. గుడి పూజారి, ఇంగ ఇద్దరు రైతులు అరుగు మీద కూచోనుండారు. నేను తాడు పట్టుకోని నిలబడుకోనుండా. మీ అబ్బ వాళ్లందరి ముందర నా దిక్కు తిరిగి, “ఏమ్మే, ఈసారి ఎంత బిగువు పెట్టమంటావు?” అన్న్యాడు.

కాపరానికొచ్చినాంక నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. నేనేమన్న్యానో తెల్సా? “నాకేం తెల్సు, నీ ఇష్టం” అన్న్యా. కొంగు లాక్కోని లోపలికి పోయినా. వాళ్లుండారని సిగ్గో, ఇన్నేండ్లకు అడిగినాడని కోపమో, ఏమో మరి. ఆయన మల్ల బాడిశ తీసుకున్న్యాడంట.

ఆ యేడు నేను గీకలేదు. అడిగినాడు కదా, నీ ఇష్టమని నా నోటితో నేనే అంటి కదా, మల్ల దొంగతనంగా ఎట్ల గీకేది? విల్లు పాత మాదిరే బిర్రుగా వచ్చింది. ఓబుళన్న మూడు సార్లు వంచినాడు. మూడో సారి చెయ్యి జారింది. ఎవరూ నవ్వలేదు, నవ్వింటే బాగుండు. ఆయప్పే విల్లు తమ్ముని పెద్దకొడుకు చేతికిచ్చి, పక్కకు పోయి కూచున్న్యాడు. ప్రసాదం తిన్న్యాడు. పోతా పోతా నన్ను, “పిల్లోళ్లు బాగుండారా మా” అని అడిగినాడు.

మీ అబ్బను ఎందుకు తిడతానే నేను? అడగలేదు అడగలేదు అని ఊరంతా చెప్పుకుంటి. అడిగిన దినం నా నోరు యాడ పోయింది? ఆయన మల్లెప్పుడూ అడగలేదు. పోయి ఎనిమిదేండ్లాయె, ఇంగ అడిగేదెవరు.

ఎందుకే కండ్లు తుడుచుకుంటాండావు, ఆపు ఆ రికార్డును. నువ్వు సల్లగుండు తల్లీ. మీ సార్లు గాని, రేప్పొద్దున కట్టుకునేటోడు గాని, ఎంత అని అడిగితే చెప్పు. తప్పైనా చెప్పు. నాకేం తెల్సు అని మాత్రం... సరే, ఆ బొమ్మ ఇంగోసారి ఇటు తిప్పు, రెండూ ఒకటే మాదిరున్న్యా, నన్నడిగితే పై సగం శానా బిర్రుగుండాది...