రాముని బాపు పేరు

1964. జైలు ఆడవాళ్ళ వార్డులో చిన్న దవాఖాన గది, కిటికీకి అవతల గేటు. సోమవారం, ములాఖాత్ రోజు. నర్సు హమీదా చేతిలో గంజి గ్లాసు. మంచం మీద ఖైదీ చంద్రవ్వ.

"ఒక్క గుక్క, చంద్రవ్వా. ఉప్పేసిన, ఉల్లిగడ్డ గూడ కోసి ఏసిన."

"నువ్వే తాగు, హమీదక్కా. బక్కగైనవు."

"నేనా? గీ తలుపుల పట్టక అడ్డం తిరిగి వస్తున్న! తాగు."

"తాగ."

"నాలుగు దినాలాయె. రేపు డాక్టర్ సాబు ముక్కుల నుంచి గొట్టం ఏస్తడు. ఎరుకేనా?"

"ఏయనీ. లెక్కలు రాసే మునీము నెత్తిన చెరుకుగడ ఇరగ్గొట్టిన నాడే నా భయం పోయింది."

"దానికే కదా మూడు నెలలు పడ్డది! అరె, ఏం గావాలె నీకు? 'తిననందుకు కారణం' అని ఉన్నది ఈ కాగితంల. నేనేం రాయాలె?"

"ఏం లేదని రాయి."

"ఏం లేకుంటె ఎవలన్న గింత ఎండుతరా?"

"మూడు సోమవారాలాయె, మనిషి రాలే. మొఖం సూసేదాంక ముట్ట. గంతే. గది మాత్రం రాయకు."

"ఎవరు, నీ పెనిమిటా?"

"గా దుప్పటి ఇటియ్యి, మొఖం కప్పుకుంట."

"సిగ్గా? సరె, ఇంటికి కబురు పంపుత. అన్నీ ఉన్నయి చూడు. పేరు చంద్రవ్వ. ఊరు, బోధన్ దగ్గర. భర్త పేరు రాములు."

"రాములెవడు?"

"నీ మొగడు."

"థూ! నాకే రాములు లేడు!"

"నువ్వు చెప్తేనే రాసిండు జైలు గుమాస్తా నూరుల్లా సాబు."

"నేనెందుకు చెప్త? మొగని పేరు నోట్లెకెల్లి తీస్తె ఆయుష్షు తరగదా? రాముని బాపు పేరే ఆయన పేరు అన్న. గంతే."

"ఏ రాముడు?"

"రాముడక్కా! సీతమ్మ పెనిమిటి! గా దేవుని కన్న బాపు!"

"యా అల్లా. రాముడన్నది ఇన్నడు, బాపును ఇడిసిపెట్టిండు! చంద్రవ్వా, ఆగు… నీ మనిషికి ఎడమ చెవికి పోగున్నదా?"

"నీకెట్లెరుక?"

"పొడుగు. మాట్లాడితె ముక్కు గీక్కుంటడు."

"అక్కా!"

"ప్రతి సోమవారం వస్తుండు. 'ఆమె పెనిమిటిని' అంటడు. గేటుకాడ బాలన్నేమో 'ఆమె మొగడు రాములు, నువ్వెవనివి' అని ఎల్లగొడుతుండు. అందరు ఒకటే నవ్వుడు. నేను గూడ ఎవడో అబద్ధపోడనుకున్న."

"నవ్విండ్రా? ఆయనేమన్నడు?"

"పొద్దుగాల నా ముంగటనే అన్నడు. 'గామెనే ఇంకోని పేరు చెప్పిందట. ఇగ నాకేం పని ఈడ? మన్మాడ్ బండికి బొంబాయి పోత' అని."

"పోయిండా?"

"గోడ నీడకు మూట పెట్టుకొని కూసున్నడు."

"ఉరుకు అక్కా, నువ్వు చెప్పు!"

"నా మాట చెల్లదు. ఖైదీ నోటితోని చెప్తేనే పేరు మారుస్తరు. కిటికీల నుంచి ఒర్రు, బాలన్నకు ఇనవడితె సాలు."

"నా నోట రాదు."

"ఒక్క పేరు! ఏమైతది?"

"నీ ఇంటాయన పేరేంది?"

"మా బిడ్డ గౌహర్ వాళ్ళ అబ్బాజాన్…"

"పేరడిగిన."

"చుప్! మా ఆయన బొంబాయి పోతలేడు. అగో, చూడు, మూట ఎత్తుకున్నడు."

"యాడికి? నన్ను లేపు, కిటికీ కాడికి తీస్కపో… ఓయ్! ఓ మనిషీ!"

"గేటుకాడ ఇరవై మంది మనుషులే!"

"ఓ రాముని బాపూ!"

"మల్ల గదేనా! రోడ్డెక్కుతుండు, చంద్రవ్వా!"

"ద… దశ… దశరథం! దశరథం, పోకు!"

"గట్టిగ!"

"నా మొగడు దశరథం! బాలన్నా, ఇనవడ్డదా? దశరథం!"

"ఆగిండు. ఇటే చూస్తుండు. ష్, ఏందో ఒర్రుతుండు, ఇను."

"ఎవతే గది, నడి బజార్ల మొగన్ని పేరు వెట్టి పిలిసేది? ఉండు, నీ సంగతి చెప్త… బాలన్నా, తలుపు తియ్యి!"