సిలువ మోసే వంతు

ఏటి, మీ తాత గురించా? కూకో ఎవాంజలినూ. రెండువేల నాలుగు, తపస్సుకాలం, మాడు పగిలే ఎండలు. మీ తాత నతానియేలు, నాను, ఇద్దరం ఫిషింగ్ హార్బర్‌లోనే. ఆడు సేపల వేలం ఏసేవోడు, నాను ఐసు ఫేక్టరీలో దిమ్మలు లాగేవోణ్ని. విభూది బుధవారం మొదలు నలభై రోజులూ ఆడు ఒక్కపొద్దు. రోజంతా సేపల్లోనే ఉండి ఒక్క ముక్క ముట్టడు. సాయంత్రం ఉప్పు లేని గంజి, అంతే. నానూ ఉన్నాను ఒక్కపొద్దు, ఎవుడడిగాడు? ఖైనీ కూడా మానీసాను. అది మానడమంటే ఏటో నీకు తెలీదులే. గుడి ముందు ఆడోళ్ళంతా "నతానియేలు బాబు మొకంలో వెలుగు సూడండమ్మా" అని. మరి ఫాదరు గారు నా నుదుట రాసింది మసా? అదే విభూది కదా. మా గుడిలో ఆనవాయితీ ఏటంటే, ఒక్కపొద్దు తప్పనోడే మంచి శుక్రవారం నాడు కొండ మీదకి పెద్ద సిలువ మోస్తాడు. ఆరేళ్ళ బట్టీ మీ తాతే. నానెప్పుడూ ఎనకాల గొడుగు పట్టుకుని... గొడుగు నాకు కాదు, ఫాదరు గారికి.

ఆ ఏడు ఐసు ఫేక్టరీ ఎనకాల ఆణ్ని సూశాను. జేబులోంచి బిస్కట్టు తీసి నోట్లో ఏసుకున్నాడు. "సుగరు బావా, అది తగ్గిపోతే కళ్ళు తిరుగుతాయి, డాక్టరు తినమన్నాడు. ఇంట్లో కూడా తెలీదు, ఎవుళికీ సెప్పకు" అన్నాడు. సెప్పనన్నాను. మర్నాడు పొద్దున్నే సేపల గంగాలమ్మకి సెప్పాను. ఆవిడకి సెప్తే మైకులో సెప్పినట్టే. బిస్కట్టు సంగతే సెప్పాను, సుగరు సంగతి సెప్పలేదు. "ఏటి నతానియేలూ, దేముడికి గంజి, నీకు బిస్కట్టా?" అని నలుగురిలో అడిగీసింది. మీ తాత జేబులో బిస్కట్ల పొట్లం తీసి ఆవిడ తట్టలో పెట్టీసాడు. నాకేసి సూడను కూడా సూడలేదు. తిట్టొచ్చు కదా?

అయినా ఫాదరు గారు సిలువ ఆడికే ఇచ్చారు సూడు. నాకు మళ్ళీ గొడుగే. తొమ్మిదో స్థలం, ప్రభువు మూడోసారి పడిన చోటు, సరిగ్గా అక్కడే కూలబడ్డాడు. పడ్డం కూడా అక్కడే పడాలా? జనం భక్తి అనుకుని మోకరించీసారు. సుగరని తెలిసింది నాకొక్కడికే. ఆడి జేబు తడిమాను, ఖాళీ. "హెన్రీ, సిలువ నువ్వెత్తు" అన్నారు ఫాదరు గారు. ఎత్తాను. ఆఖరిదైన పద్నాలుగో స్థలం దాకా మోసాను, సుగరు సంగతి మాత్రం ఎవుళికీ సెప్పలేదు.

కిందకి దిగేసరికి మీ తాత పోయాడు.